సెకండ్ హ్యాండ్ జీపు: కొనేముందు కాగితం, కొన్నాక కాపలా



ఐప్పసి వానలు దిగితే ఉడుమలపేట, మడత్తుకుళం, ధారాపురం వైపు నల్లరేగడి దారులు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. కాలువ గట్టు మీద మామూలు బండి జారుతుంది, తోట దారిలో చక్రం దిగబడుతుంది. అదే సమయంలో షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచి ఐదో దశలో ఉంటే ఆకు ఒక్క పూట కూడా ఆపడానికి లేదు. పంట మొత్తంలో పురుగు తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా ఈ చివరి దశలోనే తింటుంది. ఆ వారం రోజులు కొమ్మలు మోసే బండి నిలబడితే పంట నిలబడినట్టే.

అందుకే మనవాళ్లు చాలామంది పాత ఫోర్ బై ఫోర్ జీపు మీద కన్ను వేస్తున్నారు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. పాతది కొనడంలో తప్పేమీ లేదు, చూసి కొంటే పదేళ్లు పనికొస్తుంది. కానీ పాత జీపుకు రెండు గండాలున్నాయి. ఒకటి, దొంగబండో, అప్పు తీరని బండో మన మెడకు చుట్టుకోవడం. రెండు, మంచి బండే కొన్నా అది తోటలోనుంచి మాయమవడం.

ఈ రెండూ వేరు వేరు అనుకుంటాం. నిజానికి ఒకటే. బండి మన పేరుకు మారి, ఇన్సూరెన్సు మన పేరుకు ఎక్కేదాకా ఎంత గట్టి తాళం వేసినా అది సగం కాపలానే. ఈ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఇదే. వరుసగా చూద్దాం.

*1. మనకు ఏ బండి కావాలి?*

ముందు మిమ్మల్ని మీరే అడగండి: ఫోర్ బై ఫోర్ నిజంగా కావాలా? తోట దాకా గట్టి దారి ఉండి, వానకాలంలో ట్రాక్టరు అందుబాటులో ఉంటే మామూలు పికప్ చాలు. ఖర్చు తక్కువ, డీజిలు తక్కువ. దారి నల్లరేగడి అయి, మల్బరీ తోటకూ షెడ్డుకూ మధ్య దూరం ఉంటేనే నాలుగు చక్రాలూ తిరిగే బండికి అర్థం ఉంది.

మన వైపు దొరికేవి ఇవీ:

పాత మహీంద్రా జీపులు (ఎంఎం 540, ఎంఎం 550, మేజర్, కమాండర్ లాంటివి). ఇంజిను సాదా, ఏ ఊరి మెకానిక్కైనా విప్పి బిగిస్తాడు, సామాన్లు దొరుకుతాయి. కానీ తాళం వ్యవస్థ బలహీనం. చాలావాటికి తలుపులే ఉండవు, పైన టార్పాలిన్ గుడ్డే. దొంగకు ఇంతకంటే సులువైన బండి లేదు.

థార్. మొదటి థార్ 2010లో వచ్చింది, పూర్తిగా మార్చిన కొత్త థార్ 2020 అక్టోబరులో వచ్చింది. ఇక్కడ జాగ్రత్త: రెండు తరాల్లోనూ వెనక చక్రాలు మాత్రమే తిరిగే మోడళ్లు కూడా ఉన్నాయి. బయటికి చూస్తే ఒకేలా ఉంటాయి. "థార్ కదా, ఫోర్ బై ఫోరే" అని బ్రోకర్ అంటే నమ్మకండి. రెండో లివరు ఉందా, ముందు ఇరుసుకు హౌసింగు ఉందా, కిందికి వంగి చూడండి.

జిప్సీ. 1985లో వచ్చిన పెట్రోలు బండి. తేలిక కాబట్టి బురదలో అంత త్వరగా దిగబడదు. పెట్రోలు బాగా తాగుతుంది, కొత్తవి ఇక రావు. మంచి కండిషన్‌లో ఉన్నదానికి షోకు కోసం కొనేవాళ్లు ఎక్కువ ధర పెడతారు. ఆకు మోసే పనికి అంత డబ్బు దండగ.

బొలెరో క్యాంపర్, పికప్‌లలో ఫోర్ బై ఫోర్ రకం. కొమ్మల కట్టలు వేయడానికి, గూళ్ల సంచులు మార్కెట్‌కు తీసుకెళ్లడానికి ఇది అన్నిటికంటే అనువు. కానీ గూడ్స్ బండి, పసుపు బోర్డు. ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఎఫ్‌సీ చేయించాలి. తెల్ల బోర్డు జీపుకు మొదటి 15 ఏళ్లు రిజిస్ట్రేషన్ ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి.

*2. బండి ఎక్కడినుంచి వచ్చింది?*

ఊరు చెబితే బండి జబ్బు సగం తెలుస్తుంది.

కొండ బండ్లు: నీలగిరి నుంచి టి.ఎన్. 43 నంబరు జీపులు, మూనారు వైపు నుంచి మరయూరు, చిన్నారు దారిగా దిగే కె.ఎల్. నంబరు జీపులు మనకు బాగా కనిపిస్తాయి. కొండ దారిలో తిరిగిన బండికి క్లచ్చి, బ్రేకు, గేరుబాక్సు అరిగి ఉంటాయి. ఎడతెగని వానకు కింద తుప్పు పట్టి ఉంటుంది. ట్రిప్పు జీపుగా జనాన్ని మోసినదైతే కమాన్ పట్టీలు చదునైపోయి ఉంటాయి. మీటరు మీద కిలోమీటర్లు ఎంతున్నా పట్టించుకోకండి, పట్టీలు చూడండి.

ఇంకొక మాట మన పనికి సంబంధించింది. ఏలక్కాయ, టీ ఎస్టేటుల్లో తిరిగిన జీపులో పురుగుమందు డబ్బాలు మోసి ఉండొచ్చు. పట్టుపురుగుకు పురుగుమందు, పొగాకు రెండూ విషమే. వెనక తొట్టిలో మందు వాసన ఉన్న బండిలో ఆకు వేసి షెడ్డుకు తెస్తే ఏమవుతుందో మీకు తెలుసు. రబ్బరు మ్యాట్ ఎత్తి, మూలల్లో వాసన చూడండి. అనుమానం ఉంటే మ్యాట్, చెక్కలు పారేయించి, సబ్బునీళ్లతో రెండు మూడు సార్లు కడిగించి, ఎండబెట్టి, కొత్త టార్పాలిన్ పరిచాకే ఆకు వేయండి. షెడ్డుకు కొట్టే బ్లీచింగ్ పౌడరు నీళ్లు బండికి కొట్టకండి, ఇనుమును తినేస్తుంది.

ఉత్తరాది బండ్లు: ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చాక అక్కడి బండ్లు ఎన్నో చవకగా దక్షిణానికి దిగాయి. బండి బాగుండొచ్చు. కానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చిన ఎన్‌ఓసీ లేకుండా ఇక్కడ మీ పేరుకు మారదు. "ఎన్‌ఓసీ వారంలో వస్తుంది" అన్న మాట మీద డబ్బు ఇవ్వకండి. వచ్చాకే ఇవ్వండి.

వరద బండ్లు: చెన్నైలో 2015, 2023 డిసెంబర్లలో, కేరళలో 2018 ఆగస్టులో నీళ్లలో మునిగిన బండ్లు ఎన్నో. సీటు కింద పట్టాల తుప్పు, డాష్‌బోర్డు వెనక సన్నని ఒండ్రు, లైటు అద్దాల లోపల నీటి చార, ముక్కవాసన కనిపిస్తే వదిలేయండి.

అతుకుల జీపులు: సైన్యం అమ్మేసిన పాత జీపులు, వాటి సామాన్లతో కట్టిన బండ్లకు హర్యానా సిర్సా జిల్లాలోని మండీ డబ్వాలీ దేశమంతా పేరుపొందింది. చూడ్డానికి రంగురంగులు, పెద్ద టైర్లు. కానీ ఒక బండి చాసిస్, ఇంకో బండి ఇంజిను, మూడో బండి ఆర్సీ అయితే అది మీకు వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండి రూపం మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. ఇలాంటి బండిని ఆర్టీఓ రెన్యువల్ చేయకపోవచ్చు, పోలీసులు ఆపొచ్చు, దొంగ ఎత్తుకెళ్తే ఇన్సూరెన్సు కంపెనీ కూడా వంక పెట్టొచ్చు.

*3. కాగితాలు: ఇంజిను మూత తెరవకముందే*

మనవాళ్లు ముందు ఇంజిను శబ్దం విని మురిసిపోతారు, ఆ తర్వాత కాగితాలు అడుగుతారు. తిరగేసి చేయండి. ఇందులో చాలా పనులు ఇంట్లో కూర్చుని ఫోనులోనే అయిపోతాయి.

ఒకటి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టండి. మోడల్, ఇంధనం, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ గడువులు కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న బండితో, చేతిలోని ఆర్సీతో అవి కలవాలి. ఆర్సీలో 'పెట్రోలు' అని ఉండి బండిలో డీజిలు ఇంజిను ఉంటే అక్కడే ఆగిపోండి.

రెండు. దొంగతనం రికార్డు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 'వాహన్ సమన్వయ్' అనే సేవ నడుపుతోంది. బండి నంబరు, చాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఇస్తే దేశంలో ఎక్కడైనా పోలీసుల దొంగబండ్ల జాబితాలో ఉందో లేదో చెబుతుంది. ఆ కాగితాన్ని డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. రేపు ఏదైనా గొడవ వస్తే మీరు చూసి కొన్నారనడానికి అదొక ఆధారం.

మూడు. చాసిస్ నంబరు. దొంగబండి అమ్మేవాళ్ల పాత పద్ధతి ఒకటుంది: యాక్సిడెంటులో నుజ్జయిన బండి ఆర్సీ కొని, ఆ నంబరును దొంగిలించిన బండి మీద గుద్దడం. అప్పుడు ఆన్‌లైన్‌లో అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. అందుకే కంటితో చూడాలి. చాసిస్ మీద గుద్దిన అంకెలు ఒకే లోతు, ఒకే వరసలో ఉండాలి. ఆ చుట్టుపక్కల మాత్రమే కొత్త రంగు, గ్రైండింగ్ గీతలు, వెల్డింగు ఉంటే అనుమానించండి. తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి, ఆర్టీఓ ఆఫీసులో కూడా అదే అడుగుతారు. కంపెనీ ప్లేటు మీదున్న నంబరుతో, ఇంజిను మీదున్న నంబరుతో, ఆర్సీతో మూడూ సరిపోల్చండి.

నాలుగు. అప్పు. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అప్పు ఇంకా రికార్డులో ఉన్నట్టే. "అన్నా, లోను ఎప్పుడో కట్టేశాం" అంటే సరిపోదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్టీఓలో ఆ పేరు కొట్టేయించాకే మిగతా డబ్బు ఇవ్వండి. లేకపోతే ఫైనాన్స్ వాళ్లు వచ్చి బండి తీసుకెళ్తే అది దొంగతనం కింద రాదు, ఇన్సూరెన్సూ రాదు.

ఐదు. చలాన్లు, పన్ను. ఈచలాన్ సైటులో బాకీలు చూడండి. పక్క రాష్ట్రం బండి అయితే తమిళనాడులో వయసును బట్టి పన్ను మళ్లీ కట్టాలి. ఆ లెక్క ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి, ఆ మొత్తాన్ని కలుపుకునే బేరం ఆడండి. కె.ఎల్. బండి చవక అనిపించడానికి ఒక్కోసారి ఇదే కారణం.

ఆరు. అమ్మేది ఎవరు? ఆర్సీలో ఉన్న మనిషే ఎదురుగా ఉండాలి, ఆధారు చూపించాలి. చాలాసార్లు బ్రోకర్ దగ్గర సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు మాత్రమే ఉంటాయి. ఓనరు ఎవరో తెలియదు, మధ్యలో ముగ్గురి చేతులు మారి ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. డీలరు దగ్గర కొంటే ఆ పత్రం అడిగి చూడండి. దొంగసొత్తు అని నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే కొన్నవాడికీ శిక్ష ఉంది (భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్). "సగం ధరకు వస్తోంది, కాగితాలు తర్వాత చూద్దాం" అన్న బేరమే అలాంటి కారణం అవుతుంది.

*4. ఇక బండి చూద్దాం*

మీ మెకానిక్కును వెంట తీసుకెళ్లండి, అమ్మేవాళ్ల మెకానిక్కును కాదు. తెల్లవారి, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే వేడి చేసి పెట్టి ఉంటే "సాయంత్రం వస్తాం" అని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజినే నిజం చెబుతుంది.

స్టార్టు చేశాక ఆయిలు మూత తీయండి. అక్కడినుంచి పొగ గుప్పుగుప్పున వస్తే లోపల పిస్టన్ రింగులు అరిగినట్టు. సైలెన్సరు నుంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు కాలుతోంది. ఇంజిను వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయేమో చూడాలి.

ఫోర్ బై ఫోర్ పరీక్ష తారు రోడ్డు మీద చేయకండి. పాత జీపుల్లో ముందు, వెనక ఇరుసులు బిగుసుకుపోయి గేర్లు దెబ్బతింటాయి. మెత్తటి మట్టిలో దించి రెండో లివరును ఫోర్ హైలో, తర్వాత ఫోర్ లోలో వేయించండి. వెనకచక్రం కింద గుంట ఉన్నచోట నిలిపి కదిలిస్తే ముందు చక్రాలు లాగుతున్నాయా లేదా తెలిసిపోతుంది. లివరు దానంతటదే జారి బయటికి వస్తే ట్రాన్స్‌ఫర్ కేసులో పని ఉంది, ఆ ఖర్చు చిన్నది కాదు. కదిలేటప్పుడు కింద "టక్" మంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ అరిగింది, అది చిన్న ఖర్చే.

50 వేగంలో స్టీరింగు విపరీతంగా వణికితే ముందు ఇరుసు కింగ్‌పిన్, జాయింట్లు చూపించండి. కింద చాసిస్‌ను చిన్న సుత్తితో తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పుపట్టిన చోట మొద్దుగా మోగుతుంది. ఇంజిను బాగు చేయించుకోవచ్చు. చాసిస్ కుళ్లిన బండి మాత్రం వద్దు.

*5. డబ్బు ఇచ్చే రోజు*

బండి నచ్చింది, బేరం కుదిరింది. ఇక్కడే మనవాళ్లు ఊపిరి పీల్చుకుని జాగ్రత్త వదిలేస్తారు. అసలు జాగ్రత్త ఈ రోజునుంచే.

అడ్వాన్సు చిన్నదిగా ఇవ్వండి. మిగతాది బ్యాంకు ద్వారా, ఆర్సీలో ఉన్న పేరు ఖాతాకే పంపండి. అమ్మకం పత్రంలో తేదీతోపాటు గంట కూడా రాయించండి. ఆ గంటకు ముందు జరిగిన యాక్సిడెంటు, చలాను అమ్మినవాళ్లది, తర్వాతది మీది. రెండు తాళం చెవులూ, ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితం తీసుకోండి. ఒకే చెవి ఇచ్చి "రెండోది పోయింది" అంటే తాళం సెట్టే మార్పించండి.

ఫారం 29 మీద అమ్మినవాళ్లు, ఫారం 30 మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. కొన్నవాళ్లకు 30 రోజులు గడువు. గడువు ఉంది కదా అని ఆగకండి, అదే వారంలో వెళ్లండి.

ఇప్పుడు ఇన్సూరెన్సు. దీన్ని నిదానంగా చదవండి.

బండి ఇన్సూరెన్సులో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ. మన బండికే జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్. దొంగతనం రెండో భాగంలోకి వస్తుంది. బండి చేతులు మారినప్పుడు 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ భాగం దానంతటదే కొన్నవాళ్లకు వర్తిస్తుంది. ఓన్ డ్యామేజ్ భాగం అలా రాదు. కంపెనీకి అర్జీ పెట్టి, పాలసీ మన పేరుకు మార్చుకున్నాకే అది మనది. సుప్రీంకోర్టు ఎప్పుడో ఈ తేడా స్పష్టం చేసింది. అర్జీకి గడువు 14 రోజులు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక రైతు ఐప్పసి మొదట్లో మూనారు వైపు నుంచి నాలుగు లక్షలకు జీపు తెచ్చాడు. ఇన్సూరెన్సు పాత ఓనరు పేరు మీద ఇంకా ఎనిమిది నెలలు ఉంది. "ఉంది కదా, అయిపోయాక మారుద్దాం" అనుకున్నాడు. ఇరవయ్యో రోజు రాత్రి జీపు పోయింది. కంపెనీ ఏమంటుంది? పాలసీ ఉన్న మనిషి బండి అమ్మేశాడు కాబట్టి అతనికి నష్టం లేదు. నష్టపోయిన మనిషి పేరు మీద పాలసీ లేదు. ఇద్దరికీ రాదు. నాలుగు లక్షలూ పోయినట్టే. పాలసీ మార్చడానికి అయ్యే ఖర్చు దీని ముందు ఏపాటిది?

ఇంకో రెండు విషయాలు. పాత జీపుల్లో చాలావాటికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంటుంది, దానితో దొంగతనానికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్సు ఇవ్వడానికి కంపెనీ వెనకాడితే, థర్డ్ పార్టీతో పాటు అగ్నిప్రమాదం, దొంగతనం మాత్రం కలిపి ఇచ్చే పాలసీ ఉందా అని అడగండి. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే బండి పోతే కంపెనీ ఇచ్చే విలువ, మీరూ కంపెనీ మాట్లాడుకుని ఖాయం చేసుకునేది. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించి రాయించకండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ అతనితోనే పోతుంది, మీకు రాదు. ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.

*6. తోటలో కాపలా*

మన తోట ఇళ్లు ఊరికి దూరం. చాకీ పురుగులు వచ్చిన దగ్గర్నుంచి షెడ్డులో రాత్రి మనుషులు ఉంటారు. పంటకూ పంటకూ మధ్య ఎవరూ ఉండరు. బండికి అసలు భయం అప్పుడే. ఏ ఒక్క తాళమూ దొంగను పూర్తిగా ఆపదు. ఒకదాని మీద ఒకటి అడ్డం పెట్టి అతనికి సమయం పట్టేలా, శబ్దం అయ్యేలా చేయడమే మన పని.

నిలిపే చోటు: రోడ్డునుంచి కనిపించని చోట, వీలైతే ట్రాక్టరు ట్రెయిలరును ముందు అడ్డంగా పెట్టి నిలపండి. మనిషి కదిలితే వెలిగే లైటు ఒకటి పెట్టండి. కుక్క ఉంటే ఇంకా మంచిది.

కంటికి కనిపించే తాళం: స్టీరింగు తాళం, గేరు తాళం, చక్రానికి గొలుసు. ఇవి దూరంనుంచే "ఇక్కడ కష్టం" అని చెబుతాయి. టార్పాలిన్ జీపుకు తలుపు తాళం లేదు కాబట్టి ఇవే ముఖ్యం.

కంటికి కనిపించని స్విచ్: బ్యాటరీ కట్ఆఫ్ స్విచ్ చవకైనది, మంచిది. కానీ పాత డీజిలు ఇంజినుకు తిరగడానికి కరెంటు పెద్దగా అక్కర్లేదు. కాబట్టి కరెంటు ఆపడం ఒక్కటే చాలదు. డీజిలు పైపుకు కూడా దాచిన వాల్వు బిగించమని నమ్మకమైన మెకానిక్కుకు చెప్పండి. అది ఎక్కడ ఉందో ఇంట్లో ఇద్దరికి తప్ప చెప్పకండి. పెట్రోలు జిప్సీకి ఇంధన పంపు లైనులో స్విచ్ పెట్టిస్తారు. కొత్త థార్‌కు కంపెనీ ఇమ్మొబిలైజర్ ఉంది, దాని వైర్లు కోయించకండి.

జీపీఎస్: బ్యాటరీ తీసేసినా కొంతసేపు పనిచేసేలా సొంత బ్యాటరీ ఉన్నది కొనండి. డాష్‌బోర్డు కింద అందరూ చూసేచోట పెట్టించకండి. రాత్రి బండి కదిలితే ఫోను మోగేలా సెట్ చేయండి. అందులో సిమ్ ఉంటుంది, రీచార్జి మరిస్తే అది ఉత్త డబ్బా. నెలకోసారి పరీక్షించండి. కొండ అడుగున సిగ్నల్ అందని చోట్లు ఉంటాయి, కాబట్టి జీపీఎస్ ఉంది కదా అని గొలుసు మానకండి.

విడిభాగాలు: బండి మొత్తం కంటే బ్యాటరీ, స్టెప్నీ ఎత్తుకుపోవడం సులువు. స్టెప్నీకి తాళం నట్టు, బ్యాటరీకి ఇనుప పట్టీ తాళం వేయించండి. బండి నంబరును అద్దాల మీద, టైర్ల మీద, బ్యాటరీ మీద చెక్కించండి. ఎవరికీ తెలియని ఒక గుర్తు లోపల ఎక్కడైనా పెట్టి ఫొటో తీసి దాచుకోండి. రంగు మార్చి నంబరు గీకేసినా మన బండిని మనం గుర్తుపట్టాలి కదా.

నిలిపేటప్పుడు ఇంకొక జాగ్రత్త. రెండో లివరు న్యూట్రల్‌లో ఉంటే, మొదటి గేరులో వేసినా బండి నిలవదు, వాలులో దొర్లిపోతుంది. లివరు సరిగ్గా వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రానికి రాయి పెట్టండి.

ఏఆర్ఏఐ ఆమోదం ఉన్న దొంగతన నిరోధక పరికరం బిగిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గింపు ఉంది. పెద్ద మొత్తం కాదు, కానీ ఆ బిల్లు రేపు క్లెయిములో "మేము జాగ్రత్తగానే ఉన్నాం" అనడానికి పనికొస్తుంది.

*7. మార్కెట్‌కు వెళ్లినప్పుడు*

గూళ్లు దించాక ధర్మపురికో రామనగరకో రాత్రి ప్రయాణం తప్పదు. ఇంజిను ఆపకుండా, చెవి వదిలేసి టీకి దిగడం మన అలవాటు. బండి పోయినా, అందులోని గూళ్లు పోయినా ఆ రెండు నిమిషాల్లోనే. చెవి బండిలోనే వదిలేసినందువల్ల పోయిందని తేలితే కంపెనీ నిర్లక్ష్యం అంటుంది, క్లెయిము కోత పడొచ్చు, పోనూవచ్చు. గూళ్లు అమ్మిన డబ్బుతో తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా పడుకోవడానికి బండి ఆపకండి. వెలుతురున్న పెట్రోలు బంకులో ఆపండి.

ఫాస్టాగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత ఓనరు ఫాస్టాగ్ అలాగే ఉంచుకుని తిరిగే వాళ్లున్నారు. టోలు దాటితే మెసేజి అతని ఫోనుకు పోతుంది, మీకు కాదు. పాతది మూయించి, మీ నంబరుతో కొత్తది తీసుకోండి. బండి పోయిన రాత్రి ఏ టోలు దాటిందో చెప్పే మెసేజి మీ ఫోనుకే రావాలి.

*8. ఒకవేళ పోతే*

మొదటి గంటలో 112కు ఫోను చేయండి. జీపీఎస్‌లో చోటు కనిపిస్తే పోలీసులకు చెప్పండి, మీరే వెంటపడకండి. ఫాస్టాగ్‌ను వెంటనే బ్లాక్ చేయకండి, ఆ మెసేజీలు పోలీసులకు దారి చూపిస్తాయి.

అదే రోజు ఎఫ్‌ఐఆర్ రాయించి కాపీ తీసుకోండి. మీ స్టేషను పరిధి కాదన్నా ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలని ఇప్పటి చట్టంలోనే ఉంది. ఇన్సూరెన్సు కంపెనీకీ అదే రోజు తెలిపి, నమోదు నంబరు తీసుకోండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే రాయించి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తోసిపుచ్చకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ కోర్టు మెట్లు ఎక్కే అవసరం రాకుండా చూసుకోవడమే మేలు. ఆర్టీఓకు కూడా అర్జీ ఇవ్వండి, ఆ బండి ఇంకొకరి పేరుకు మారకుండా ఉంటుంది.

కంపెనీ అడిగేవి: ఎఫ్‌ఐఆర్, ఆర్సీ, పాలసీ, రెండు తాళం చెవులు, బండి దొరకలేదన్న పోలీసుల తుది రిపోర్టు. ఆ రిపోర్టుకు సమయం పడుతుంది, ఓపికగా తిరగాలి.

*ఫోనులో దాచుకోవడానికి*

కొనేముందు: ఎంపరివాహన్, వాహన్ సమన్వయ్, చాసిస్ పెన్సిలు అచ్చు, అప్పు, చలాను, ఎన్‌ఓసీ.
కొన్న రోజు: గంట రాసిన అమ్మకం పత్రం, ఫారం 29, 30, రెండు చెవులు.
కొన్న వారంలో: ఆర్టీఓ అర్జీ, ఇన్సూరెన్సు పేరు మార్పు, కొత్త ఫాస్టాగ్.
నెలలో: దాచిన స్విచ్, డీజిలు వాల్వు, గొలుసు, జీపీఎస్, గుర్తులు, ఫొటోలు.

కొత్త పంట చాకీ పురుగులు షెడ్డులో అడుగుపెట్టే లోపే ఈ పనులన్నీ ముగించుకోండి. పురుగులు ఐదో దశకు వచ్చాక ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లే తీరిక ఎవరికీ ఉండదు. బండి చూడబోతున్న వాళ్లెవరైనా మీ ఊళ్లో ఉంటే, అడ్వాన్సు ఇవ్వకముందే ఈ సంచిక వాళ్లకు పంపండి.